నల్లపలక పాట

టైర్ల కొట్టు మీది గది,
ఫిబ్రవరి 4

అక్కా,

నా ఉత్తరం చూసి ఎవరు పోయారోనని కంగారుపడకు. పోయింది నా గొంతే. అదీ పూర్తిగా కాదు.

డాక్టరు చిన్న లైటు పెట్టి చూసి, మాట పుట్టేచోట ఆవగింజంత కాయ ఉందన్నాడు. మార్చిలో తీసేస్తాడట. అప్పటిదాకా, ఆ తర్వాత ఆరు వారాలూ నోరు మెదపకూడదు. గుసగుస అసలే వద్దట, అరుపు కంటే అదే చెడ్డదట. దీని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని నాన్న అనేవాడు కదా. పుట్టాడు. డాక్టరు చదివి బోర్డు కూడా పెట్టాడు.

నీ బటన్ల ఫోనుకి తెలుగులో ఏం పంపినా డబ్బాలు డబ్బాలుగా కనపడుతుందన్నావు. అందుకని కాగితం మీద పడ్డాను. హాస్టల్లో ఉన్నప్పుడు రాసిన తర్వాత మళ్ళీ ఇదే.

ఇక పని సంగతి. గొంతు మూతపడకముందే ఒక పాట రికార్డు చేశాను. వీడియో తీసే కంపెనీ వాళ్ళకి నచ్చింది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకు, ముగ్గురు మనుషులూ ఒక అద్దె కెమెరా. డైరెక్టరుని అందరూ కళ్ళజోడు అంటారు, అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. వాళ్ళకి ఒక ఇల్లు కావాలి. ముందు పని చేసుకునే కొట్టు, వెనక వంటిల్లు, మధ్యలో వాకిలి. నాకు మీ ఇల్లే తోచింది. ఒక్క రోజు పని. బావగారి మోటార్లు, నీ కుట్టుమిషను, వాకిట్లో నీళ్ళతొట్టి, ఎక్కడివి అక్కడే ఉండనివ్వు. సర్దకు. సర్దితే వాళ్ళకి పనికిరాదు.

పాటంటావా, ఒక మొగుడూ పెళ్ళాం పాట. వింటావులే.

చిట్టి నర్సింగు చదువు ఎలా ఉంది? బావగారు ఒప్పుకుంటారా?

నీ చెల్లి
(మూగది)


మోటార్ల కొట్టు వెనకిల్లు,
ఫిబ్రవరి 11

చెల్లికి,

ఉత్తరం అందింది. ముందు భయమేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత మళ్ళీ భయమేసింది. గోరువెచ్చటి నీళ్ళు తాగు. పక్కగది వాళ్ళతో సైగలతో పోట్లాటకి దిగకు, చేతులు కూడా పడిపోతాయి.

ఇల్లు వాడుకోమను. అడ్డం వచ్చేవాళ్ళెవరూ లేరు. చిట్టి వెళ్ళి ఎనిమిది నెలలైంది. అది ఉన్నన్నాళ్ళూ ఇల్లంతా మాటలే అనుకునేదాన్ని. వెళ్ళాక తెలిసింది, మా మాటలన్నీ దాని చేతే మోయించామని. "మీ నాన్నకి అన్నం పెట్టానని చెప్పు." "మీ అమ్మకి దారం ఏ రంగు కావాలో అడుగు." ఊహ తెలిసినప్పట్నించీ అది మా ఇద్దరి మధ్యా పోస్టుమ్యానే. ఇప్పుడు పోస్టుమ్యానుకి బదిలీ అయింది. నేరుగా మాట్లాడుకోవడం మాకిద్దరికీ చేతకావడం లేదు.

వంటింటి గుమ్మం పక్కన దాని చిన్నప్పటి పలక తగిలించాను. నువ్వు పోయిన వానాకాలం వచ్చినప్పుడు చూశావుగా. నాకు మిషను మోత, ఆయనకి మోటార్ల మోత, కేకేసినా వినపడదు. చెప్పాల్సింది రాస్తాను, ఆయన చూసుకుంటాడు. నీ సంగతీ అలాగే రాశాను, చెల్లి పాట తీయడానికి మనుషులు వస్తారు, ఒక రోజు, అని. సాయంత్రానికి అది తుడిచేసి 'సరే' అని ఉంది. మీ బావ అన్నిటికీ సరే. ఇల్లు తగలబడుతోందని రాసినా సరే అనే రాస్తాడు.

గొడవలేం లేవు. గొడవ పడాలన్నా ఎదురెదురుగా నిలబడాలి కదా.

ఇంకో సంగతి. ఎలాగూ నీకు నోరు లేదు కాబట్టి చెప్తున్నాను. రెండు గంటల బస్సు దూరంలో కుట్టుపని నేర్పే కేంద్రం ఉంది. నేర్పడానికి మనిషి కావాలన్నారు. అర్జీ పెట్టాను. వస్తే అక్కడే ఒక గది ఇస్తారు. మీ బావకి ఇంకా చెప్పలేదు. రాయలేదు అనాలేమో.

పాట మాటలు రాసి పంపు. నీ పాట నాకంటే ముందు ఊరు విన్నది ఎప్పుడూ లేదు.

అక్క


టైర్ల కొట్టు మీది గది,
ఫిబ్రవరి 20

అక్కా,

షూటింగు మార్చి ఆరున. అదే రోజు నాకు ఆపరేషను. తేదీ మార్చమని కళ్ళజోడుకి కాగితం మీద రాసిచ్చాను. కెమెరా మళ్ళీ నెలదాకా దొరకదని అతను కాగితం వెనక రాసిచ్చాడు. అతనికి నోరుంది. నా దగ్గరికి రాగానే అందరూ ఎందుకో రాయడం మొదలుపెడుతున్నారు.

నా వంతు తీయడం అయిపోయింది. బస్సు కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదిపాను, అంతే. మీ ఇంట్లో తీసేదాంట్లో నేను లేను. మొగుడూ పెళ్ళాం వేషాలకి ఇద్దరిని తెచ్చుకుంటారు. నువ్వు టీ ఇస్తే చాలు.

ఉద్యోగం సంగతి రెండుసార్లు చదివాను. నీకు వెళ్ళాలనుందా, వెళ్ళిపోవాలనుందా? రెండూ ఒకటి కాదు.

పాట మాటలు తర్వాత పంపుతాను. ఇప్పుడు చెయ్యి నొప్పిగా ఉంది.

చెల్లి


మోటార్ల కొట్టు వెనకిల్లు,
మార్చి 8

చెల్లికి,

ఆపరేషను బాగా జరిగిందని వార్డు నర్సు ఫోను చేసి చెప్పింది. నువ్వు పక్కనుండి చెప్పిస్తున్నావని తెలుస్తూనే ఉంది. "అలా కాదట, ఇలా చెప్పమంటోంది" అని రెండుసార్లు అంది పాపం.

ఇక్కడి సంగతి విను. పొద్దున ఏడింటికే వ్యాను వచ్చింది. కళ్ళజోడు, కెమెరా పట్టుకునే పొడుగాయన, పెట్టెలు మోసే ఆయన దిగారు. మొగుడు వేషంవాడు రాలేదు, ఏదో సీరియల్లో పోలీసు వేషం దొరికిందట. ఆడమనిషి వచ్చింది గానీ మిషను తొక్కడం రాదు. చక్రం వెనక్కి తిప్పి, దారం తెంపి, సూది విరిచింది. కళ్ళజోడు తల పట్టుకుని మా గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మొహాలు కనపడనివ్వను. చేతులూ వీపులూ తీసుకుంటాను. మీరూ మీ ఆయనా చేసేస్తారా?"

"ఆయన్ని అడుగు బాబూ" అన్నాను.

మీ బావ కాలిపోయిన మోటారుకి రాగితీగ చుడుతున్నాడు. తలెత్తకుండా, "వీపుకైతే సరే" అన్నాడు. సరే పక్కన ఇంకో మాట రావడం చాలా రోజులకి విన్నాను.

తర్వాత అసలు వింత. పాటని రెండింతల వేగంతో వేస్తారట. మేం కూడా అంతే వేగంగా అన్నీ చెయ్యాలట. తీసుకెళ్ళి వాళ్ళు నెమ్మది చేస్తే గాల్లో తేలినట్టు, దిగులుగా కనపడుతుందట.

"దిగులు కావాలంటే మొదటే నెమ్మదిగా చేస్తాం కదయ్యా" అన్నాను.

"అలా చేస్తే దిగులు రాదమ్మా, బద్ధకం వస్తుంది" అన్నాడు.

పాట వేశాడు. నీ గొంతు ఉడత గొంతైపోయింది. కీచుకీచుమని ఒకటే పరుగు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ మోతకి నేను మిషను తొక్కాలి, మీ బావ తీగ చుట్టాలి. ఇద్దరం దయ్యం పట్టినట్టు చేశాం. తర్వాత నేను సంచీ పట్టుకుని వంటింట్లోంచి వాకిలి దాటి వెళ్ళాలి, ఆయన ఎదురొచ్చి నన్ను చూడనట్టు పక్కనుంచి పోవాలి. పరుగున వెళ్ళాం. తొట్టి దగ్గర గుద్దుకున్నాం. నా మోచెయ్యి ఆయన కడుపులో దిగింది.

"అబ్బా!"

"చూసుకోరూ?"

"నువ్వెటు వస్తావో నాకేం తెలుసు?"

"ఇరవై మూడేళ్ళ నించి ఈ వాకిట్లోనే తిరుగుతున్నాను."

పొడుగాయన కిసుక్కుమన్నాడు. నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళజోడు, "నవ్వకండమ్మా, మీరు విడిపోతున్నారు!" అని అరిచాడు. "విడిపోవడానికైనా ఆయన దారివ్వాలి కదయ్యా" అన్నాను. మీ బావ తొట్టి అంచు పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. ఆయనకి పైవరసలో ఒక పన్ను లేదు. ఎప్పుడు ఊడిందో నాకు తెలీదు.

పలక దగ్గర ఇంకా పెద్ద రభస. నేను ఏదైనా రాయాలి, ఆయన వచ్చి చూసీ చూడనట్టు తుడిచేసి పోవాలి. కెమెరా ఆయన వెనక. 'అన్నం పొయ్యి మీద ఉంది' అని రాశాను. మీ బావ వచ్చి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. అక్కడ నీ పాట పరిగెత్తిపోతోంది.

"అంతసేపేంటి సార్? నాలుగు ముక్కలే కదా! చదవకండి, తుడిచెయ్యండి" అన్నాడు కళ్ళజోడు.

"ఊఁ" అన్నాడు మీ బావ. మళ్ళీ అంతే. ఆయన తుడవడం, నేను రాయడం, ఆయన నిలబడడం, కళ్ళజోడు అరవడం. ఐదుసార్లు అయింది. ఆరోసారి నాకు విసుగొచ్చి 'బడి వదిలేశారు, ఇక ఇంటికి రండి' అని రాశాను. ఆయన వచ్చి చూశాడు. పలక ఆయన వీపు చాటున ఉంది కాబట్టి వాళ్ళకి కనపడలేదు. భుజాలు రెండూ ఊగడం మొదలుపెట్టాయి. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని అలాగే నిలబడి, ఎప్పటికో తుడిచి పోయాడు. "చాలండీ బాబూ, నేనే ఎక్కడో కోసుకుంటాను" అని కళ్ళజోడు దణ్ణం పెట్టాడు.

వాళ్ళు వెళ్ళాక ఇల్లు మామూలే. ఆయన కొట్లోకి, నేను మిషను మీదికి. మర్నాడు ఏమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. నేనూ అనలేదు.

కుట్టు కేంద్రం నించి కాగితం వచ్చింది. ఏప్రిల్ ఒకటిన చేరమన్నారు.

ఇంతకీ ఆ పాటలో ఏముందే? చెయ్యి నొప్పి తగ్గిందా?

అక్క


టైర్ల కొట్టు మీది గది,
మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. తర్వాత నవ్వు దానంతటదే పోయింది.

చెయ్యి నొప్పి లేదు. అది అబద్ధం.

పోయిన వానాకాలం మీ ఇంట్లో నాలుగు రోజులున్నాను. రెండోనాడు నువ్వు 'ఒంట్లో బాగాలేదు, అన్నం మీరే పెట్టుకోండి' అని పలక మీద రాసి పడుకున్నావు. నేను తొట్టి దగ్గర బట్టలు పిండుతున్నాను. బావగారు వచ్చారు. నాకు ఆయన వీపే కనపడింది. చెయ్యెత్తి ఒక్క తుడుపు తుడిచి లోపలికి పోయారు. తిరుగుబస్సులోనే పాట మొదలైంది. నిన్ను అడగలేదు. మాటలు ఇవీ:

నల్లపలకా నల్లపలకా, నాలుగంచుల పలకా
మా ఇంటి మాటలకు నువ్వే గుమ్మానివి
వాకిట్లో ఆయన, వంటింట్లో నేను
నడుమ గోడ లేదు, నడిచి వచ్చేదెవరు

పొద్దున్నే రాస్తిని పొయ్యి మీద ఉందని
పొద్దుగూకి చూస్తిని పలక బోసిగా ఉంది
చదవనే లేదమ్మ, చెయ్యెత్తి తుడిచాడు
సుద్దపొడి రాలింది, నా మాట రాలింది

సంచిలో సర్దితిని చీరలు నాలుగు
పలక మీద రాయలేదు పోతున్న ఊరు
రాసినా ఒకటే, రాయకున్నా ఒకటే
తుడిచేటి చేతికి తెలిసేదేముంది

ఇది ఎవరి ఇల్లో విన్నవాళ్ళకి తెలీదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని, ఆ ఇల్లే అడిగాను. వేరే గోడ మీద వేరే పలక పెడితే పాట తేలిపోతుందనిపించింది. అలా అనిపించినప్పుడు పాట తప్ప అక్క గుర్తురాలేదు. ఆపరేషను తేదీ మార్చుకోవచ్చు, నేను అడిగితే డాక్టరు మార్చేవాడే. మీ ఎదుట నిలబడలేక అడగలేదు.

వీడియో ఏప్రిల్ పదిన వదులుతామంటున్నారు. నువ్వు వద్దంటే ఆపిస్తాను. గొంతు తిరిగొస్తుంది గానీ ఎలాంటి గొంతో చెప్పలేనని డాక్టరు అంటున్నాడు. ఇదే నా పాత గొంతుతో ఆఖరి పాట కావచ్చు. ఇది చెప్తే నిన్ను ఇరకాటంలో పెట్టినట్టవుతుందని దాద్దామనుకున్నాను. కానీ దాచినవి చాలు.

చెల్లి


మోటార్ల కొట్టు వెనకిల్లు,
మార్చి 19

చెల్లికి,

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, లెక్కపెట్టి పాట కట్టేవాళ్ళని ఇప్పుడే చూడటం.

నాలుగు రోజులు నా ఇంట్లో ఉండి నా గోడని ఎత్తుకుపోయావు. చాలక ఆ గోడ ముందు నన్నే నిలబెట్టి నా చేతే రాయించావు. నేను పిచ్చిదాన్నై నవ్వుకుంటూ రాశాను. ఆయన పన్ను గురించి నీకు కబుర్లు కూడా రాశాను.

పాటలో అబద్ధమేం లేదు. అదే నా కోపం. నేనే చూడకూడదనుకుని తలతిప్పుకున్నదాన్ని నువ్వు నలుగురి ముందూ పెట్టావు. సంచి సర్దడం కూడా నాకంటే ముందు నువ్వే సర్దావు.

నీ ఉత్తరం చదివాక లేచి పలక మీద రాశాను. 'ఒకటో తారీఖున ఉద్యోగానికి వెళ్తున్నాను. అక్కడే ఉంటాను.' ఒక్క మాటైనా అడుగుతాడేమోనని మిషను ఆపి కూర్చున్నాను. ఆయన వచ్చిన చప్పుడు విన్నాను. వెళ్ళిన చప్పుడు విన్నాను. వెళ్ళి చూస్తే 'సరే' అని ఉంది.

వీడియో నీ ఇష్టం.

అక్క


మోటార్ల కొట్టు,
మార్చి 24

మరదలికి,

నేను బాగున్నాను. మోటార్లు బాగాలేవు కాబట్టి పని ఉంది.

ఇది మోటార్లకి కట్టే చీటీ, వెనక ఖాళీగా ఉందని రాస్తున్నాను. నీ ఉత్తరం మీ అక్క మిషను మీద పెట్టి కూరల కొట్టుకి వెళ్ళింది. కవరు మీద నీ విలాసం ఉంది. లోపలిది చదవలేదు. చదవక్కర్లేదు. ఆ పాట నాకు షూటింగు రోజే తెలిసింది. ఎంత వేగంగా తిరిగినా మోటారు మోతని బట్టి లోపల ఏం పోయిందో మాకు తెలుస్తుంది. ఉడతలా ఉన్నా నీ గొంతు నీ గొంతే. పలక దగ్గర రెండుసార్లు వినేసరికి మాటలన్నీ పట్టుకున్నాను.

నువ్వు కట్టింది తప్పనడం లేదు. వెనకనుంచి చూస్తే అలాగే ఉంటుంది. కానీ ఆమె రాసింది చదవకుండా నేను ఏనాడూ తుడవలేదు. నువ్వు మా ఇంట్లో ఉండగా ఆమె ఒంట్లో బాగాలేదని రాసిన రోజు కూడా, తుడిచి లోపలికి వెళ్ళి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. నిద్రపోతోంది. లేపలేదు.

అందుకే ఆ రోజు పలక ముందు నిలబడ్డాను. కళ్ళజోడాయన అరుస్తున్నా నిలబడ్డాను. నేను చదువుతానని మీ అక్కకి తెలుస్తుందనుకున్నాను. ఆవిడ బడి వదిలేశారని రాసింది.

నా రాత కోడి గీరినట్టుంటుంది, నువ్వే చూస్తున్నావు. పెళ్ళైన కొత్తలో చూసి మీ అక్క నవ్వింది. వెక్కిరించలేదు, ఊరికే నవ్వింది. అప్పట్నించీ రెండక్షరాలు దాటి రాయలేదు. ఒకటో తారీఖున వెళ్తున్నానని రాసిన రోజు, సరే అని రాశాక కూడా సుద్దముక్క చేతిలోనే ఉంది. ఇంకేదో రాయాలి. తోచక అక్కడే పెట్టేశాను.

నీకు మాటలు కట్టడం తెలుసు. నేను రాయాల్సింది రెండు లైన్లు రాసి పంపితే చూసి దించుకుంటాను.

బావ


టైర్ల కొట్టు మీది గది,
మార్చి 27

బావగారికి నమస్కారాలు.

చీటీ అందింది. రాత నిజంగానే కోడి గీరినట్టుంది. అయినా ఒక్క మాట వదలకుండా చదివాను.

రెండు లైన్లు నేను పంపను. పంపితే అది కూడా నా పాటే అవుతుంది. మీ ఇంటి మాటలు ఒకసారి ఎత్తుకొచ్చి కట్టాను, చాలు.

బావగారూ, నేను నోరు మూసుకుని కాగితాల మీద పడి బతుకుతున్నానంటే నాకు గొంతు కోశారు. మీకేం రోగం? ఒక పన్నే కదా ఊడింది. ఈ చీటీలో రాసింది నోటితో చెప్పండి. తడబడితే తడబడండి. ఒకటో తారీఖుకి ఇంకా ఐదు రోజులుంది.

మీ చీటీ సంగతి అక్కకి నేను చెప్పను. చెప్తే మళ్ళీ చిట్టి పని నేను చేసినట్టవుతుంది. వీడియో మాత్రం ఆపించాను. అక్క నా ఇష్టమంది. ఆవిడ ఇష్టమంటే తప్ప బయటికి రాదు.

మరదలు


కుట్టు కేంద్రం, వెనక వరస గది,
ఏప్రిల్ 3

చెల్లికి,

కోపం పూర్తిగా పోలేదు. సగం ఉంది. ఆ సగంతోనే రాస్తున్నాను.

ఒకటో తారీఖు పొద్దున మీ బావ పెట్టె మోసుకుని బస్సు దాకా వచ్చాడు. దారంతా మాట లేదు. పెట్టె పైకెక్కించాడు, కిటికీ పక్కన నిలబడ్డాడు, చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు. నేను ఎదురు సీటు వంక చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలింది. కదిలాక కిటికీ వెంట నడుస్తూ, "నేను చదవకుండా ఎప్పుడూ తుడవలేదు" అన్నాడు.

"ఏంటీ?"

"పలక. చదివే తుడిచాను. అన్నీ చదివాను."

బస్సు వేగం అందుకుంది. ఆయన పరుగు అందుకున్నాడు. "మరి తుడవడం దేనికి?" అని నేనూ కిటికీలోంచి అరిచాను. బస్సులో అందరూ ఇటే చూస్తున్నారు.

"తుడవకపోతే నువ్వు మళ్ళీ రాయడానికి చోటేదీ?"

కండక్టరు తల బయటపెట్టి, "పెద్దాయనా, ఎక్కుతావా, ఊరిదాకా పరిగెత్తుతావా?" అన్నాడు. ఎక్కాడు. కొట్టు తలుపులు బార్లా తీసే వదిలేసి వచ్చాడు, చేతులకి వార్నిషు మరకలు. వచ్చి నా పక్కన కూర్చుని రొప్పుతున్నాడు.

 నేనే అడిగాను, ఆ పన్ను ఎప్పుడు ఊడిందని.

"పోయిన చలికాలం."

"చెప్పలేదేం?"

"పన్ను ఊడిందని పలక మీద రాయనా?"

రెండు గంటలూ మాట్లాడుతూనే ఉన్నాం అంటే నువ్వు నమ్మకు. ఒక గంట మాట్లాడాం, ఒక గంట ఆయన నిద్రపోయాడు, నా భుజం మీద. సరే అంటే ఏమిటని అడిగాను. వెళ్ళమనీ కాదట, వద్దనీ కాదట. నీకు చేతనవుతుంది అనట. ఆ ముక్క రాయొచ్చు కదా అన్నాను. "అన్ని అక్షరాలు నా వల్ల కాదు" అన్నాడు. నీకు చీటీ రాశానని కూడా చెప్పాడు. నువ్వు తిట్టావట. మంచి పని చేశావు.

ఈ గదిలో స్విచ్చు పనిచెయ్యడం లేదు. దాన్ని బాగుచేసి మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు.

ఉద్యోగం మానను. పద్నాలుగు మంది నేర్చుకునేవాళ్ళు, పన్నెండు మిషన్లు. నాకు నచ్చింది. వెళ్ళిపోవాలనుందా అని అడిగావు అప్పుడు. ఇక్కడికి వచ్చాను, అంతే. శనివారం సాయంత్రం ఇంటికి వెళ్తాను.

వీడియో వదలమను. నీ పాత గొంతు నలుగురూ వినాలి. కానీ 'చదవనే లేదమ్మ' అన్నది అబద్ధం. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెప్తున్నాను. దాన్ని సరిచెయ్యి.

అక్క


టైర్ల కొట్టు మీది గది,
ఏప్రిల్ 9

అక్కా,

సరిచెయ్యడానికి నాకు గొంతు లేదు. ఉన్నా ఇప్పుడు అది వేరే గొంతు, ఒక లైను తెచ్చి పాత పాటలో అతికిస్తే అతుకు కనపడుతుంది. కుట్టుపని నీకు తెలుసు కదా.

అందుకని కళ్ళజోడు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. పలక దగ్గర తీసిన ఆరూ చూపించమని రాసిచ్చాను. బావగారు నిలబడ్డదంతా కోసేసి, తుడిచే చెయ్యి మాత్రం ఉంచాడు. కోసింది మళ్ళీ పెట్టమన్నాను. "పాటకి అడ్డమొస్తుంది, చదవలేదంటుంటే చదువుతాడేంటి?" అన్నాడు. అడ్డమే రావాలి అని పెద్దక్షరాలతో రాసి బల్ల మీద కొట్టాను. నోరు లేనివాళ్ళతో వాదించడం కష్టం అక్కా, ఎదుటివాళ్ళే అలిసిపోతారు.

ఆరోది పెట్టించాను. చరణం అయిపోయినా, తర్వాత వాయిద్యమంతా అయిపోయినా, ఆయన నిలబడే ఉంటారు. పదిహేనున వదులుతున్నారు.

ఇంకో వారంలో రోజుకి పది నిమిషాలు మాట్లాడొచ్చట. ఎలాంటి గొంతు వస్తుందో చూడాలి. మొదటి పది నిమిషాలు నీకే. నువ్వు తిట్టడానికి ఏడు, నేను ఊఁ కొట్టడానికి మూడు.

చెల్లి


కుట్టు కేంద్రం, వెనక వరస గది,
ఏప్రిల్ 26

చెల్లికి,

ఫోనులో నీ గొంతు విని ఎవరో మగవాళ్ళనుకుని పెట్టెయ్యబోయాను. ఫోనులో చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను, బాగుంది. కొంచెం గరుకుగా ఉంది, మెట్టచేలల్లో పాడుకునే పాటలకి సరిపోతుంది. తొందరపడి పాడకు.

మొన్న మధ్యాహ్నం నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ఒకే ఫోను చుట్టూ మూగి ఉన్నారు. ఏంటని వెళ్తే నీ పాట. ఆ చేతులు నావని వాళ్ళకి తెలీదు. నేనూ చెప్పలేదు. నెమ్మది చేస్తే అన్నీ మారిపోయాయి. నేను వాకిలి దాటుతుంటే ఇక తిరిగిరాదు అన్నట్టుంది. తొట్టి దగ్గర గుద్దుకున్నది లేదు. పలక వచ్చింది. మీ బావ వీపు వచ్చింది. నిలబడ్డాడు, నిలబడే ఉన్నాడు. భుజాలు ఊగాయి, నెమ్మదిగా, పైకీ కిందికీ.

"పాపం, ఎలా ఏడుస్తున్నాడో" అంది ఒకమ్మాయి. ఇంకొకతె ముక్కు తుడుచుకుంది. నాకు నవ్వు ఆగలేదు.

"మీకు మనసే లేదు మేడం" అన్నారు.

అందరిలోకీ మెదడున్న పిల్ల ఒకతె ఉంది, జేబు సరిగ్గా కుట్టేది అదొక్కతే. "పాటలో చదవలేదంటోంది, ఇక్కడ ఇంతసేపు చదువుతున్నాడు, తప్పు కదా మేడం?" అని అడిగింది.

"పాట కట్టినావిడ వెనకనుంచి చూసుంటుంది" అన్నాను.

మూడు శనివారాలు ఇంటికి వెళ్ళాను. మొదటివారం ఆయనా నేనూ కాస్త మాట్లాడాం. రెండోవారం ఏమీ లేదు, ఆయనకి పని, నాకు తలనొప్పి. అలాంటి వారాలూ ఉంటాయి. ఊరికే దాచడం దేనికని రాస్తున్నాను.

నిన్న వెళ్ళేసరికి వంటింటి గుమ్మం దగ్గర పలక శుభ్రంగా తుడిచి ఉంది, తడి ఇంకా ఆరలేదు. పక్కన కొత్త సుద్దముక్క. కొట్లో మోటారు మోగుతోంది. వచ్చానని రాద్దామని సుద్దముక్క తీసుకున్నాను. మళ్ళీ అక్కడే పెట్టేసి, వాకిలి దాటి కొట్టు గుమ్మం దాకా వెళ్ళి, మోత మీంచి గట్టిగా పిలిచాను.

ఆయన చెయ్యి చాచి మోటారు ఆపేశాడు.

అక్క